మొదటి కోత: అపెండిక్స్ గడ్డ పొట్టంతా పరచుకున్నప్పుడు



మా మాస్టారి పేరిట జరుగుతున్న ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నన్ను రొమ్ము క్యాన్సర్ గురించో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించో మాట్లాడమన్నారు. సభకు వచ్చేవారిలో సగంమంది డాక్టర్లు కారు, అందరికీ పనికొచ్చే విషయమైతే బాగుంటుందని వారి ఉద్దేశం. నేను మాత్రం పదిలక్షల మందిలో ఏడాదికి ముగ్గురికో నలుగురికో వచ్చే జబ్బును ఎంచుకున్నాను. అపెండిక్స్‌లో పుట్టి, అక్కడే పగిలి, పొట్ట లోపలి పొర మీదంతా పరచుకునే గడ్డలు. వైద్యులు స్యూడోమిక్సోమా పెరిటోనై అంటారు. ఇంత అరుదైన జబ్బు మీద గంటసేపు ఎందుకని మీరు అడగవచ్చు. ఈ జబ్బులో రోగి ముందు బతుకు చాలావరకు మొదటి ఆపరేషన్ రోజునే తేలిపోతుంది. ఆ మొదటి ఆపరేషన్ చేసేవాళ్ళు నాలాంటి క్యాన్సర్ సర్జన్లు కారు. మన జిల్లా కేంద్రాల్లో, చిన్న ఊళ్ళ నర్సింగ్ హోముల్లో పనిచేసే జనరల్ సర్జన్లు, గైనకాలజిస్టులు. పొట్ట తెరిచేదాకా వాళ్ళకు లోపల ఏముందో తెలియదు. తెరిచాక కూడా తెలియకపోతే ఆ నష్టం రోగి మోయాల్సిందే.

మాస్టారికీ ఈ విషయానికీ సంబంధం ఉంది. ఆయన పెథాలజీ ప్రొఫెసరు. మేం సర్జన్లం కోసి తీసినవన్నీ ఫార్మలిన్ సీసాల్లో ఆయన బల్ల మీదికి చేరేవి. వాటిలో అపెండిక్స్‌లే ఎక్కువ. రోజూ చూసేదే కదా అని పోస్టుగ్రాడ్యుయేట్లు విసుక్కుంటే, ఆయన తానే కత్తి తీసుకునేవారు. ముందు పొడవు కొలిచేవారు. కోసిన మొదలు దగ్గర ఇంకు పూసేవారు, అంచు ఎక్కడుందో తర్వాత సూక్ష్మదర్శిని కింద గుర్తుపట్టడానికి. కొసను నిలువునా, మిగతాదాన్ని అడ్డంగా బిళ్ళలుగా కోసేవారు. లోపల ఎక్కడైనా జిగురు కనిపించిందంటే ఇక ఆ అపెండిక్స్‌లో ఒక్క ముక్క కూడా పారేయనిచ్చేవారు కాదు, మొత్తం మైనపు బ్లాకులు చేయించేవారు. గోడ పగిలిందా, బయట జిగురుందా, ఆ జిగురులో కణాలున్నాయా, మొదలు శుభ్రంగా ఉందా అన్నవి ఆయన రిపోర్టులో ఉండి తీరాలి. ‘వాపు ఉంది’ అని ఒక్క మాట రాసి పంపినా ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కారు. చాలాచోట్ల ఇప్పటికీ ఎవరూ అడగరు.

అపెండిక్స్ గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. పెద్దపేగు మొదట్లో, పొట్టకు కుడివైపు కిందుగా, చిటికెన వేలంత గొట్టం. దాని వాపును మన ఊళ్ళలో ‘ఇరవైనాలుగు గంటల నొప్పి’ అంటారు. ఆ గడువులో కోయకపోతే మనిషి దక్కడని భయం. అందుకే అపెండిక్స్ ఆపరేషన్ జరగని ఊరు లేదు. అలా తీసిన అపెండిక్స్‌లలో సుమారు నూటికి ఒకదానిలో ఏదో ఒక రకం గడ్డ బయటపడుతుంది. కొన్ని న్యూరోఎండోక్రైన్ గడ్డలు. సెంటీమీటరు లోపు ఉన్నవాటికి అపెండిక్స్ తీయడమే వైద్యం, ఇక వాటి ఊసెత్తనక్కరలేదు. ఈ సాయంత్రం మన విషయం జిగురు ఊరే గడ్డలు.

అపెండిక్స్ లోపలి పొరలో జిగురు ఊరే కణాలు సహజంగానే ఉంటాయి. వాటిలో కొన్ని దారి తప్పి అదుపు లేకుండా పెరిగితే గొట్టం జిగురుతో నిండి ఉబ్బుతుంది, గోడ పల్చబడుతుంది, ఒకరోజు చిట్లుతుంది. నొప్పి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. చిట్లిన చోటు తనంతట తానే మూసుకుపోవడం కూడా ఉంది. కానీ జిగురుతోపాటు కొన్ని కణాలు అప్పటికే పొట్టలోకి జారిపోయి ఉంటాయి. అవి పొట్టలో జిగురు ఊరుస్తూనే ఉంటాయి, ఏళ్ళతరబడి.

ఈ కణాల నడత తక్కిన క్యాన్సర్లలా ఉండదు. తక్కువ తీవ్రత ఉన్న రకంలో ఇవి రక్తంలో పడి కాలేయానికో ఊపిరితిత్తులకో పోవడం చాలా అరుదు. పొట్టలో తేలుతూ తిరుగుతాయి. మన పొట్టలో ఎప్పుడూ కొద్దిపాటి ద్రవం ఉంటుంది. అది ఒక దారిలో ప్రవహిస్తుంది. కుడివైపు నుంచి పైకి ఎక్కి డయాఫ్రమ్ కింది పొరలో ఇంకుతుంది. పేగుల ముందు వేలాడే ఓమెంటం అనే కొవ్వు తెరలోనూ ఇంకుతుంది. మిగిలింది బరువుకు కటి భాగంలోకి దిగుతుంది. కణాలు కూడా ఆ దారినే పోయి, ద్రవం ఇంకే చోట, నిలిచే చోట పేరుకుంటాయి. నిరంతరం కదిలే చిన్నపేగు మీద మాత్రం చాలాకాలం నిలవలేవు. ఇది రోగి అదృష్టం. కాలేయం పైపొర, ఓమెంటం, ప్లీహం, అండాశయాలు జిగురుతో కప్పుకుపోయినా చిన్నపేగు బాగుంటే మనిషిని బతికించుకోవచ్చు. పేగంతా ముడతపడి గడ్డకట్టిపోతే ఎంత గొప్ప సర్జనైనా చేయగలిగింది తక్కువ. ఎందుకంటే మిగతావన్నీ తీసేసినా మనిషి బతుకుతాడు, చిన్నపేగు మొత్తం తీస్తే తిండి ఒంటబట్టదు.

ఇలాంటి రోగి డాక్టరు దగ్గరికి ఎలా వస్తాడో చెబుతాను. మగవాళ్ళయితే, ఈ మధ్య పొట్ట పెరిగింది, బెల్టు పట్టడం లేదు అంటూ రావచ్చు. గజ్జల్లో హెర్నియా అని ఆపరేషన్ చేయబోతే ఆ సంచిలోంచి జిగురు రావచ్చు. ఆడవాళ్ళయితే అండాశయంలో గడ్డ అని వస్తారు. నిజంగానే రెండు అండాశయాల్లోనూ గడ్డలుంటాయి, కానీ పుట్టిల్లు అపెండిక్స్. అండాశయ క్యాన్సరనుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేసి, ఆ జబ్బుకు వాడే కీమో ఇచ్చి, అపెండిక్స్‌ను మాత్రం ఉన్నచోటే వదిలేసిన కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఇక మన దేశంలో కనిపించే దారి మరొకటుంది, పొట్ట క్షయ. పొట్టలో నీరు, బరువు తగ్గడం, రక్తంలో సీఏ 125 అనే గుర్తు పెరగడం, పొర మందంగా కనిపించడం ఇవన్నీ క్షయలోనూ ఉంటాయి కాబట్టి ఆరునెలలు టీబీ మందులు మింగించి చూస్తారు. నీరనుకుని సూది గుచ్చితే సిరంజిలోకి ఏమీ రాదు. ఆ క్షణంలో డాక్టరు ఆగి ఆలోచించాలి. పొట్ట అంత ఉబ్బి ఉండి కూడా సూదికి నీరు రాకపోతే అది నీరు కాదు. మంచి సీటీ స్కాన్‌లో కాలేయం అంచు నొక్కుకుపోయి అలలు అలలుగా కనిపిస్తుంది. రక్తంలో సీఈఏ, సీఏ 19-9 అనే గుర్తులు పెరిగి ఉండవచ్చు. అనుమానం ఉన్నవాడికి ఈ ఆధారాలు చాలు.

చరిత్ర కొంచెం చెప్పుకుందాం. జిగురుతో ఉబ్బిన అపెండిక్స్‌ను 1842లో వియన్నాలో రొకిటాన్‌స్కీ వర్ణించారు. ఆయనా మన మాస్టారిలాగే పెథాలజీ మనిషే. 1884లో జర్మనీ వైద్యుడు వెర్త్ పొట్టంతా జిగురు నిండిన స్త్రీని చూసి ఈ జబ్బుకు పేరు పెట్టారు. అయితే ఆయన చూసింది అండాశయంలో గడ్డ ఉన్న రోగిని. 1901లో ఫ్రాంకెల్ దీన్ని అపెండిక్స్‌తో ముడిపెట్టారు. అయినా అండాశయమా, అపెండిక్సా అన్న వాదం 1990ల దాకా నడిచింది. కణాల మీది గుర్తులనూ, జన్యువుల్లోని మార్పులనూ పోల్చి చూశాక, ఆడవాళ్ళలో కూడా చాలావరకు ఇది అపెండిక్స్‌లోనే పుట్టి అండాశయాలకు చేరుతుందని తేలింది. వందేళ్ళ ఆ పొరపాటు జాడ మన ఆపరేషన్ థియేటర్లలో ఇంకా మిగిలే ఉంది.

మీలో పెద్దవాళ్ళకు ‘రోమన్ హాలిడే’ నటి ఆడ్రీ హెప్‌బర్న్ గుర్తుండే ఉంటుంది. 1992 సెప్టెంబరులో యూనిసెఫ్ తరఫున సోమాలియా కరువు ప్రాంతాలు తిరిగి వచ్చాక ఆమెకు కడుపునొప్పి మొదలైంది. నవంబరులో లాస్ ఏంజిలిస్‌లో ఆపరేషన్ చేసి చూస్తే అపెండిక్స్‌లో పుట్టిన క్యాన్సర్ అప్పటికే పొట్ట పొరంతా పాకి ఉంది. 1993 జనవరి 20న స్విట్జర్లాండ్‌లో ఆమె పోయారు. 63 ఏళ్ళు. డబ్బుకూ, డాక్టర్లకూ లోటు లేని మనిషి.

ఆమెను చూసి ఈ జబ్బంటే మూడు నెలల్లో అంతా అయిపోతుందని అనుకోకండి. ఇందులో రకాలున్నాయి, వాటి మధ్య తేడా చాలా ఎక్కువ. ఒక కొసన తక్కువ తీవ్రత గలవి. కణాలు దాదాపు మామూలుగానే కనిపిస్తాయి, ఏళ్ళు పడతాయి, వైద్యం సరిగా జరిగితే దశాబ్దాలు బతకవచ్చు. మరో కొసన సిగ్నెట్ రింగ్ కణాలున్న రకం. అవి కొరికి లోపలికి పోతాయి, లింఫు గ్రంథులకు చేరతాయి, నెలల్లో మనిషిని లాగేస్తాయి. ఒక్కొక్కరు ఒక్కో పేరు వాడుతూ ఎవరి రిపోర్టు ఎవరికీ అర్థంకాని స్థితిలో, 2016లో ఈ జబ్బు నిపుణులు అంతర్జాతీయంగా కూర్చుని ఉమ్మడి పేర్లు స్థిరపరిచారు. కాబట్టి రోగి ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి వెళితే కాగితాలతో పాటు గాజు స్లైడులు, బ్లాకులు కూడా వెంట వెళ్ళాలి. ఈ జబ్బు తరచూ చూసే పెథాలజిస్టు వాటిని మళ్ళీ చూడాలి. రకం తేలకుండా వైద్యం మొదలుపెట్టడం చీకట్లో బాణం వేయడమే.

ఇక ఆపరేషన్. పాతరోజుల్లో పొట్ట తెరిచి, జిగురు తోడి, తీయగలిగిన గడ్డలు తీసి మూసేసేవారు. రెండు మూడేళ్ళకు మళ్ళీ నిండేది, మళ్ళీ తోడేవారు. ప్రతిసారీ పేగులు మరింత అతుక్కుపోయేవి, చివరికి తెరవడానికే దారి ఉండేది కాదు. అమెరికాలో పేరెన్నికగన్న మేయో క్లినిక్ ఇలాంటి వైద్యంతో సాధించిన ఫలితాలను 1994లో ప్రచురించింది. పదేళ్ళు బతికినవారు నూటికి 32 మంది.

వాషింగ్టన్‌లో పాల్ షుగర్‌బేకర్ అనే సర్జన్ ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. గడ్డలు పొర మీదే ఉన్నాయి కదా, అయితే పొరనే ఒలిచేద్దాం అన్నారు. 1995లో ఆయన పెరిటోనెక్టమీ, అంటే పొర ఒలిచే పద్ధతులన్నీ వరుసగా వివరిస్తూ రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది. తోటి సర్జన్లు చాలామంది ఆయన్ని తిట్టారు. ఇంత పెద్ద ఆపరేషన్ చేయడం రోగిని హింసించడమే అన్నారు. ఆ విమర్శలో కొంత న్యాయం లేకపోలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

డాక్టర్లు కానివారి కోసం ఈ ఆపరేషన్ ఎలా జరుగుతుందో చూపిస్తాను. రొమ్ము ఎముక కింద నుంచి జననేంద్రియం పైదాకా ఒకే గాటు. బొడ్డు కూడా తీసేస్తాం, అక్కడ కణాలు దాక్కుంటాయి కాబట్టి. తెరవగానే చల్లారిన సగ్గుబియ్యం జావలాంటి జిగురు పసుపుపచ్చగా ఉబికి వస్తుంది. లీటర్లకొద్దీ ఉంటుంది. సక్షన్ గొట్టానికి ఎక్కదు, చేతులతో, గిన్నెలతో తోడాలి. కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు అక్కడితో సగం పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఓమెంటం రొట్టెముక్కలా బిరుసుగా ఉంటుంది, దాన్ని తీయాలి. దానితో అంటిపెట్టుకుని ఉన్న ప్లీహం చాలాసార్లు పోతుంది. కుడి డయాఫ్రమ్ కింది పొరను అంగుళం అంగుళం ఒలుస్తూ కాలేయం వెనకదాకా వెళ్ళాలి. పక్కనే శరీరంలోకల్లా పెద్ద సిర ఉంటుంది. పిత్తాశయం, కటిలోని పొర, గర్భసంచి, అండాశయాలు, అవసరమైతే మలద్వారానికి పైన ఉన్న పేగు ముక్క. చివరికి చిన్నపేగును కొస నుంచి కొసకు చేతిలో జార్చుకుంటూ, దాని మడతల మీద గసగసాలంత చుక్కలను కరెంటు మొనతో ఒక్కొక్కటే కాల్చాలి. ఈ చివరి పని గంటలు పడుతుంది. అప్పటికి నర్సులు ఒక షిఫ్టు మారి ఉంటారు, ఒక్కోసారి మత్తు డాక్టరు కూడా.

మొదలుపెట్టేముందు పొట్టను పదమూడు భాగాలుగా లెక్కగట్టి ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తాం. మొత్తం 39. అది జబ్బు ఎంత పాకిందో చెబుతుంది. ముగించాక ఏం మిగిలిందో చెప్పే లెక్క వేరే ఉంది. కంటికి ఏమీ కనబడకపోతే సున్నా, రెండున్నర మిల్లీమీటర్ల లోపు ముక్కలు మిగిలితే ఒకటి, ఆపైన రెండు, మూడు. రోగి ఆయుష్షును తేల్చేది ఎక్కువగా ఈ రెండో లెక్కే. ఎంత తీశాం అన్నదానికన్నా ఎంత మిగిల్చాం అన్నదే ముఖ్యం.

ఆ తర్వాత వేడి కీమో. హైపెక్ అని మీరు ఆసుపత్రి ప్రకటనల్లో చూసే ఉంటారు. మైటోమైసిన్ అనే మందును సుమారు 42 డిగ్రీల వేడి ద్రవంలో కలిపి, పొట్టలో గంట నుంచి గంటన్నర తిప్పుతారు. కంటికి కనబడని కణాలను చంపడానికి. వేడి కీమోను మొదటిసారి మనిషిపై వాడింది ఈ జబ్బు ఉన్న రోగి మీదే. అమెరికాలోని లూయీవిల్‌లో స్ప్రాట్ బృందం వాడి, 1980లో ప్రచురించింది.

ఫలితాలు. 2012లో 16 కేంద్రాల నుంచి 2298 మంది రోగుల లెక్క కలిపి చూశారు. పదేళ్ళు బతికినవారు నూటికి 63. సగంమంది 16 ఏళ్ళు దాటి బతికారు. రోగుల ఎంపికలో, కాలంలో తేడా ఉంది కాబట్టి మేయో లెక్కతో నేరుగా పోల్చడం పూర్తిగా సబబు కాదు, అయినా మార్పు చిన్నది కాదు. అదే అధ్యయనంలో వైద్యం కారణంగా పోయినవారు నూటికి ఇద్దరు. తీవ్రమైన చిక్కులు వచ్చినవారు దాదాపు నాలుగోవంతు. పేగు కుట్లు వదలడం, రక్తస్రావం, తెల్ల కణాలు పడిపోవడం, కొందరికి పొట్ట మీద మలం సంచి. ప్లీహం పోయినవాళ్ళు న్యూమోకాకస్, మెనింజోకాకస్ లాంటి టీకాలు వేయించుకోవాలి, జ్వరం వస్తే బతికినంతకాలం జాగ్రత్తగా ఉండాలి. పిల్లలు కావాలనుకునే యువతికి రెండు అండాశయాలూ తీయాల్సి వస్తుందని ముందే కూర్చోబెట్టి చెప్పాలి. హింస అన్న విమర్శలో న్యాయం ఉందన్నది అందుకే. ఈ ఆపరేషన్ చేయి తిరిగినవాళ్ళ దగ్గరే వైద్యం. వందకు పైగా చేస్తేగాని చేయి తిరగదని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంగ్లండ్‌లో ఈ జబ్బు రోగులను బేసింగ్‌స్టోక్, మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రులకే పంపుతారు. బేసింగ్‌స్టోక్‌లో బ్రెండన్ మోరన్ బృందం చేసిన పని చూస్తే, కొద్ది చోట్ల ఎక్కువ చేయడంలో ఉన్న లాభం తెలుస్తుంది.

హైపెక్ గురించి నా అభిప్రాయం కూడా చెప్పాలి. మన దగ్గర యంత్రం కొన్న ప్రతి ఆసుపత్రీ దాన్నే ముందు పెట్టి ప్రచారం చేస్తోంది. మనిషిని బతికించేది వేడి మందేననీ, కత్తి దానికి తోడు మాత్రమేననీ రోగులు నమ్ముతున్నారు. ఉన్నది తలకిందులుగా చెప్పడం ఇది. ఫ్రాన్స్‌లో పెద్దపేగు క్యాన్సర్ పొట్ట పొరకు పాకినవారి మీద జరిగిన ప్రాడీజ్ 7 పరీక్షలో, ఆపరేషన్ ఒక్కటే చేసినవాళ్ళూ, దానికి ఆక్సాలిప్లాటిన్ హైపెక్ కలిపినవాళ్ళూ దాదాపు సమానంగానే బతికారు. అది వేరే జబ్బు, వేరే మందు, నిజమే. అపెండిక్స్ జబ్బులో 1924 మందిని వెనక్కి తిరిగి పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనం 2021లో వచ్చింది. హైపెక్ తీసుకున్నవారిలో అయిదేళ్ళు బతికినవారి శాతం 57.8, తీసుకోనివారిలో 46.2 అని తేల్చింది. చీటీలు వేసి రోగులను విడదీసి చేసిన పరీక్ష కాదు కాబట్టి అది తుదిమాట కాదు. నా లెక్కలో హైపెక్ ఇవ్వడం సబబే, కానీ లోపల ముక్కలు మిగిల్చి పైన వేడినీళ్ళు పోయడం వైద్యం కాదు.

నరానికి ఎక్కించే కీమో మాటా అంతే. తీవ్రమైన రకాలకు, ముఖ్యంగా సిగ్నెట్ రింగ్ కణాలున్నవాటికి, పెద్దపేగు క్యాన్సర్ మందులు వాడతాం. తక్కువ తీవ్రత రకానికి అవి పనిచేయవు. ఆపరేషన్‌కు వీలులేని అలాంటి రోగులు 24 మంది మీద హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. కీమో ఇచ్చిన కాలానికీ, ఊరికే గమనించిన కాలానికీ గడ్డ పెరుగుదలలో తేడా లేదు, అవస్థ మాత్రం మిగిలింది. అయినా మన దగ్గర ‘ఏదో ఒకటి చేయాలి కదా సార్’ అని ఇంటివాళ్ళు, ‘ఏదో ఒకటి ఇద్దాం’ అని డాక్టర్లు ఆరు సైకిళ్ళు పూర్తిచేస్తారు.

అందరికీ పెద్ద ఆపరేషన్ తగదు. గడ్డ చిట్లిన చోటు దగ్గరే కొద్దిగా జిగురుండి, అందులో కణాలు లేకపోతే, స్కాన్లు తీస్తూ ఆగవచ్చు. ఒకప్పుడు అపెండిక్స్‌లో గడ్డ అనగానే పెద్దపేగు కుడి సగం కోసేసేవారు. పొరకు పాకిన జిగురు గడ్డల్లో అలా కోసినందువల్ల ఆయుష్షు పెరగలేదని 501 మంది మీది పరిశీలనతో షుగర్‌బేకర్ బృందమే 2004లో చెప్పింది. వయసు మీరి, గుండె బలహీనంగా ఉన్నవారికి పొట్టలోని గడ్డల భారం తగ్గించే చిన్న ఆపరేషన్ చాలు. సిడ్నీలో డేవిడ్ మోరిస్ బృందం అనాస నుంచి తీసే బ్రోమలైన్‌కు ఎసిటైల్‌సిస్టీన్ కలిపి జిగురును కరిగించే ప్రయత్నం చేస్తోంది. అనాస తింటే జబ్బు పోతుందని దీన్ని అర్థం చేసుకోవద్దని మనవి. వాట్సాప్‌లో అది అప్పుడే మొదలైంది. పేగంతా పోయినవారికి ఆక్స్‌ఫర్డ్‌లో అనేక అవయవాల మార్పిడి కూడా చేశారు. అది చాలా కొద్దిమందికి దొరికే దారి.

మన సంగతికి వద్దాం. యూరప్ లెక్క పదిలక్షలకు ఏడాదికి 3.2. దాన్నే 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిదిన్నర కోట్ల మందికి వేసుకుంటే ఏటా రెండువందల యాభైకి పైగా కొత్త రోగులు ఉండాలి. వాళ్ళంతా ఎక్కడున్నారు? కొందరు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబయి చేరుతున్నారు. మిగిలినవాళ్ళు అండాశయ క్యాన్సర్‌గానో, పొట్ట క్షయగానో, ‘పొట్టలో నీరు’గానో మన కళ్ళముందే తిరుగుతున్నారని నా నమ్మకం. చేరినవాళ్ళలోనూ చాలామంది రెండు మూడు ఆపరేషన్ల తర్వాత చేరుతున్నారు. పొర అనేది క్యాన్సర్ కణాలకు ఒక అడ్డుగోడ. కోసిన చోటల్లా ఆ గోడ తెగుతుంది, మానే మచ్చలో కణాలు చిక్కుకుని లోతుకు పోతాయి. మొదటిసారి ఒలిస్తే వచ్చేసే జబ్బు, మూడోసారికి కోసినా రాదు. గొడ్డలితో చేయాల్సిన పనిని గోటితో గిల్లి వదిలేసినట్టు అవుతుంది. చిన్న ఊరి సర్జన్‌ను నేను నిందించడం లేదు. ఎదురుగా బల్ల మీద మనిషి, బయట బంధువులు, ‘తెరిచి ఏమీ చేయకుండా మూశాడు’ అన్న నింద. ఆగడానికి చాలా ధైర్యం కావాలి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటినుంచి పేదలకు పెద్ద ఆపరేషన్లు అందుతున్నాయి, సంతోషమే. కానీ ప్యాకేజీ లెక్క ఒక ఆపరేషన్‌కు ఒక ధర అన్నట్టు నడుస్తుంది. ఇది ఒకే రోజు జరిగే ఆరేడు ఆపరేషన్లు, ఆపైన ఐసీయూ. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఒక్కో ప్రభుత్వ కేంద్రాన్ని దీనికోసం గుర్తించి, అక్కడికి పంపే రోగికి ప్రయాణంతో సహా ఖర్చు భరిస్తే, ప్రతి ఆసుపత్రికీ యంత్రం కొనిపెట్టడం కన్నా తక్కువలో పోతుంది.

ఈ సభలో ఉన్న సర్జన్లకూ, గైనకాలజిస్టులకూ నా విన్నపం. ఏ గడ్డ కోసం పొట్ట తెరిచినా అపెండిక్స్‌ను చూడండి. జిగురు కనిపిస్తే ఆగండి. సులువుగా వస్తే అపెండిక్స్ తీయండి, లేకపోతే ఒక ముక్క, కొంచెం జిగురు చాలు. లాప్రోస్కోపీ అయితే సంచిలో పెట్టి బయటికి తీయండి, రంధ్రాలు వీలైనంతవరకు నడిమి గీత మీదే వేయండి. గర్భసంచి, అండాశయాలు, పేగు ముట్టుకోకండి. ఏ భాగంలో ఏం చూశారో వివరంగా రాయండి, ఫోటోలు తీయండి, మూసేసి పంపండి. ‘తెరిచి మూశాడు’ అన్న మాట పడటం వల్ల మీకు పోయేది కొద్దిపాటి పేరు. మూయకుండా కెలికితే రోగికి పోయేది పదేళ్ళు.

డాక్టర్లు కానివారికి ఒక్క మాట. మీకో, మీ ఇంట్లోవాళ్ళకో అపెండిక్స్ ఆపరేషన్ జరిగితే, డిశ్చార్జి రోజున బిల్లుతోపాటు ముక్కను పరీక్షకు పంపారా అని అడగండి. పంపకపోతే పంపమనండి. రిపోర్టు వారం పదిరోజులకు వస్తుంది, కుట్లు విప్పించుకున్నాక చాలామంది దాన్ని తీసుకోవడానికి మళ్ళీ వెళ్ళరు. వెళ్ళండి. అందులో మ్యూసిన్ అనో, నియోప్లాజమ్ అనో ఒక్క మాట ఉన్నా, నొప్పి తగ్గిపోయింది కదా అని ఊరుకోకుండా, ఆ కాగితం పట్టుకుని క్యాన్సర్ సర్జన్ దగ్గరికి వెళ్ళండి.